తొమ్మిది బారల పిన్ని

మొదటి పేజీ ఖాళీగా వదిలి, అన్నీ అయ్యాక ఇది రాస్తున్నాను. ఈ పుస్తకం తెరిచిన పరుగు సోదరులకు, మునక సోదరీమణులకు, గట్టు మీద ఎండుతున్న తువ్వాళ్ళకు, గట్టు కింద మా వల్ల నిద్ర చెడిన పీతలకు, స్ఫూర్తి శాఖవారి పన్నెండు అంతస్తుల భవనానికి, ఆ భవనంలో ఎవరినైనా ఎక్కించుకునే లిఫ్టుకు, గొర్లె తవిటినాయుడు, ఎం.ఏ. తత్వశాస్త్రం, అనే నేను రెండు మోకాళ్ళూ వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. (మెట్లెక్కాలంటే ఎలాగూ వంచాల్సిందే కాబట్టి నాకు పోయిందేమీ లేదు.) ఈ కింద రాసిందంతా అవినయం, అతిశయోక్తి, అక్కడక్కడా అక్షరదోషం. జట్టు లాగ్ పుస్తకం రాసే పని నాకెందుకు వచ్చిందంటే మిగతావాళ్ళందరికీ వేరే పనులు చేతనవును. కాగితం మీద ఎందుకంటే శాఖవారి యంత్రాలకు చేతిరాత చదవడం రాదు. నాదైతే మనుషులకే రాదు.

1వ రోజు

పరిగెత్తినవారు ఏడుగురు. మునిగినవారు ఒకరు: నూకరత్నం, తొమ్మిది బారలు. గాలి తూర్పు. నీరు పల్చటి మజ్జిగలా ఉంది.

పుస్తకం ఇవాళే నా చేతికొచ్చింది కాబట్టి ముందు నా చరిత్ర. నేను ఈ జట్టులో చేరింది ఆరోగ్యం కోసం కాదు, లిఫ్టు వల్ల. మా భవనంలో లిఫ్టు ఎక్కాలంటే మణికట్టు పట్టీ మీద ఉత్తేజం నలభై దాటి కనిపించాలి. ఉత్తేజం లేని పౌరుణ్ణి పైకి మొయ్యడం కరెంటు దండగ అని శాఖవారి సిద్ధాంతం. నాది ముప్పై ఒకటి. ఉండేది పందొమ్మిదో అంతస్తు.

మంచినీటి ప్లాంటులో ఫిర్యాదులు చదవడం నా ఉద్యోగం. జవాబులు యంత్రమే రాస్తుంది. కానీ ప్రతి ఫిర్యాదుకూ ఒక మనిషి బాధపడి తీరాలని చట్టం ఉంది. ఆ మనిషిని నేను. రోజుకు రెండు వందల ఫిర్యాదులకు బాధపడి ఇంటికొచ్చినవాడిలో ముప్పై ఒకటి మిగలడమే గొప్ప. పైగా చెవిలో పట్టీ గోల: "నువ్వొక కెరటానివి! లే!" లేచే ఉన్నాను మహాప్రభో, మెట్లెక్కుతున్నాను.

అలా ఏడాది ఎక్కాక పదిహేడో అంతస్తు కొండబాబు మెట్ల మీద నన్ను ఆపాడు. ఆయన దర్జీ. అరవై దగ్గర పడుతోంది.

"ఏటి నాయుడా, రోజూ ఎక్కీ దిగీ నీకు కాళ్ళొచ్చేసినాయి. ఊరికే పాడుసేసుకోకు. పొద్దున్న గట్టు మీదకి రా."

వెళ్ళాను. ఊరు కుంగాక కట్టిన సముద్రపు గట్టు మీద మూడు మైళ్ళ పరుగు. అందరికన్నా వెనక వచ్చేవాడి మెడలో ఈల ఉంటుంది. అతను ఊదితే ముందున్నవాళ్ళు వెనక్కి రావాలి. ఈల ఎప్పుడూ కొండబాబు మెడలోనే ఉంటుంది, పట్టాభిషేకం జరిగినట్టు.

పరుగయ్యాక గట్టు చివర నూకరత్నం పిన్ని మునుగుతుంది. యాభై ఆరేళ్ళు. పగలు బట్టలారబెట్టే హాల్లో పని. గాలి సీసాల్లేవు, ఏమీ లేవు, నడుముకో తాడు, అంతే. తొమ్మిది బారల కింద పాత బీచ్ రోడ్డు బస్టాపు ఉంది. దాని కప్పు మీద చెయ్యి ఆనించి పైకి వస్తుంది. పైన ఒకరు తాడు పట్టుకోవాలి. పిన్ని తల తేలాక మూడు ఊపిర్లు ఆగి "ఉన్నావా?" అనాలి. "ఉన్నాను" అంటుంది. అంతే. శభాష్ అనకూడదు, చప్పట్లు కొట్టకూడదు, కళ్ళు పెద్దవి చేసుకుని చూడటం కూడా తప్పే.

మొదట్లో ఇదేం పిసినారితనం అనుకున్నాను. కొండబాబు చెప్పాడు:

"మా అన్న ఒకనాడు పది బారలు దిగినాడు. జనం సప్పట్లు కొట్టినారు. మర్నాడు పదకొండుకెల్నాడు. తాడొక్కటే వొచ్చింది."

అప్పటి నుంచి గట్టు మీద మెచ్చుకోలు లేదు.

3వ రోజు

పరుగు లేదు. మునక లేదు. ఒళ్ళు మండుతోంది, అదొక్కటే నమోదు.

మేం మోకాళ్ళు వంచుతుండగా స్ఫూర్తి శాఖ నుంచి సువర్చలగారని ఒక సంరక్షణాధికారి వచ్చింది. నా ఈడు మనిషే. ఇస్త్రీ చీర, ఇస్త్రీ చిరునవ్వు. చేతిలో పూలగుత్తి.

"నూకరత్నంగారూ, అభినందనలు. ఈ రోజు నుంచి తమరు నగరపు స్ఫూర్తి వనరు."

"నానేటమ్మా?"

"వనరు."

"నీళ్ళ టాంకీ నాగానా?"

"అంతకంటే విలువైనది అమ్మా. ఎవరో మీ గురించి నాలుగు పేజీలు రాసి పంపారు. చదువుతూ నేను ఏడ్చాను. మా యంత్రం కూడా ఏడ్చేదే, ఆ సదుపాయం వచ్చే ఏడాదికి గానీ రాదు."

తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. వనరుకు నష్టం జరగకూడదు. కాబట్టి వనరు మునగకూడదు, పరిగెత్తకూడదు, తడి మెట్లు ఎక్కకూడదు. రోజూ ఉదయం స్ఫూర్తి మందిరంలో కూర్చుని పౌరులకు దర్శనమివ్వాలి.

"మునిగినందుకే గదా ఇచ్చినారిది?" అంది పిన్ని.

"అవునండి."

"మరి మునగొద్దంటారేటి?"

"మీకేమైనా అయితే మేం ఎవరిని చూసి స్ఫూర్తి పొందాలి చెప్పండి?"

ఈ వాక్యంలో తప్పెక్కడుందో తర్కశాస్త్రం చదివిన నాకే వెంటనే దొరకలేదు. వెతుకుతున్నంతలో పిన్ని మణికట్టుకు పసుపురంగు కొత్త పట్టీ పడిపోయింది.

ఆ నాలుగు పేజీలు రాసిన వెధవ ఎవడని అందరం అరిచాం. పేరు గోప్యమని సువర్చలగారు చెప్పింది. నేను మిగతావాళ్ళకంటే గట్టిగా అరిచాను.

6వ రోజు

పరిగెత్తినవారు ఆరుగురు. మునిగినవారు: ప్రయత్నం ఒకటి, చీలమండ లోతు.

పిన్ని పాదాలు నీళ్ళలో పెట్టిందో లేదో పసుపు పట్టీ కుయ్యోమంది. నిమిషం తిరక్కుండా ఇద్దరు స్ఫూర్తి రక్షకులు మంచం లాంటిదొకటి ఎత్తుకుని దిగారు. పిన్నిని దానిమీద పడుకోబెట్టి పాదాలు తుడిచారు. ఒకడు గొళ్ళ సందుల్లో కూడా తుడిచాడు.

"ఓరి నాయనా, నా కాళ్ళు నాను కడుక్కోకూడదేట్రా?" అని పిన్ని అడిగింది. దానికి వాడు ఆ మాట రాసుకుని, "ఎంత నిరాడంబరత!" అన్నాడు.

నిన్న మా భవనంలో మూడో అంతస్తులో పైపు పగిలి, మెట్ల మీద ఇద్దరు జారి నడుములు విరగ్గొట్టుకున్నారు. వాళ్ళ ఉత్తేజం ముప్పై లోపే కాబట్టి లిఫ్టు రాలేదు, మంచమూ రాలేదు. ఆ ఫిర్యాదు చదివి ఆఫీసులో నేనే బాధపడ్డాను, జీతానికి. మంచం మాత్రం ఒంట్లో ఏ నొప్పీ లేని మనిషి కోసం పరుగెత్తుకొస్తుంది. ఈ శాఖను పట్టుకుని తొమ్మిది బారలు దించాలి. తాడు లేకుండా.

11వ రోజు

పరుగయ్యాక జట్టంతా మందిరానికి వెళ్ళాం. పిన్నిని కూర్చోబెట్టిన కుర్చీ సింహాసనమంత ఉంది, పాదాలు నేలకు అందడం లేదు. వెనక గోడ మీద నీలం రంగు దీపాలు అలల్లా ఊగుతున్నాయి. పక్కన గాజు తొట్టె. అందులో శాఖవారు తర్ఫీదిచ్చిన ఒకమ్మాయి పిన్నిలా మునిగి, అడుగున పెట్టిన అట్ట బస్టాపును ముట్టుకుని పైకి వస్తుంది. జనం చప్పట్లు. ఆ అమ్మాయి మళ్ళీ మునుగుతుంది. మళ్ళీ చప్పట్లు. కొండబాబు చెవులు మూసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

వరసలో ముందున్నాయన పిన్నికి దండం పెట్టాడు. "అమ్మా, మీ విజయరహస్యం ఒక్క ముక్కలో చెప్పండి."

"ఊపిరి బిగబట్టాల. మరింక పట్టనేనప్పుడు పైకొచ్చీయాల."

మేం బయటికొచ్చేసరికి ఆ మాట బంగారు అక్షరాలతో గోడకెక్కింది, రెండో వాక్యం లేకుండా.

15వ రోజు

గాలి లేదు. నీరు అద్దంలా ఉంది, తొమ్మిది బారల కింద కప్పు పైనుంచే కనిపించేంత. ఇలాంటి రోజు ఏడాదికి రెండో మూడో వస్తాయి.

మందిరానికి సెలవు. పిన్ని గట్టు మీదకి వచ్చి, తన కోసం శాఖవారు నీటికి పది అడుగుల దూరంలో గీసిన పసుపు గీత ఇవతల కూర్చుంది. జట్టు పరుగుకు వెళ్ళింది. మడమ నొప్పి అని అబద్ధమాడి నేను ఆగిపోయాను.

"నీకు తెల్దు గుంటడా," అంది నీళ్ళకేసి చూస్తూ. "మూడు బారలు దాటితే పట్టీకి సిగ్నలుండదు. సెవిలో ఎవుడూ మాటాడడు. లేమనడు, కెరటమనడు. రోజు మొత్తం మీద ఆ రెండు నిమిషాలే నావి. అయి కూడా అట్టుకుపోనారు."

పసుపు పట్టీని మణికట్టు మీద అటూ ఇటూ తిప్పింది.

"నిన్న మంచం మీద తొంగుని ఊపిరి బిగబట్టి సూసినాను. రెండు నిమిషాలకి పదిహేను లెక్కలు తక్కువొచ్చినాయి. ఇంకో నెల ఆ కుర్సీలో కూకుంటే మొత్తం పోద్ది. ఈ వొయసులో పోయింది మల్లీ రాదు."

"ఆ రాసినవాడెవడో తెలిస్తే ఏం చేస్తావు పిన్నీ?"

"ఏటి సేస్తాను? ఎందుకు రాసినావని అడుగుతాను."

అలా అనకుండా తంతానని అనుంటే నోరు మూసుకుని ఉండేవాణ్ణి. తన్నులు తప్పించుకోవడంలో నాకు అనుభవముంది. అడుగుతానన్నవాళ్ళ దగ్గర నాకు దారి దొరకదు.

"నేనే పిన్నీ."

తను తల తిప్పలేదు.

"ఏటని రాసినావు?"

చెప్పాను. నెల్లాళ్ళ కిందట మొదటిసారి నా చేతికి తాడిచ్చారు కదా, ఆ పొద్దున సంగతే రాశానన్నాను. తాడు బార బారకీ చేతిలోంచి జారిపోయి ఆగింది. పైన ఏమీ లేదు, ఒక బుడగ కూడా. నాకు తెలియకుండానే నేనూ ఊపిరి బిగబట్టాను. పట్టలేక మధ్యలో వదిలేశాను, మళ్ళీ పట్టాను, మళ్ళీ వదిలాను. నువ్వింకా రాలేదు. రోజూ రెండు వందల మందికి జీతానికి బాధపడేవాణ్ణి, ఆ రెండు నిమిషాలు జీతం లేకుండా ఒక మనిషి కోసం భయపడ్డాను. తర్వాత నీ తల తేలింది. మూడు ఊపిర్లు. "ఉన్నావా?" అన్నాను. "ఉన్నాను" అన్నావు. ఆ రోజు పందొమ్మిది అంతస్తులూ ఆగకుండా ఎక్కాను. పైకెళ్ళి ఎవరికైనా చెప్పాలనిపించింది. గదిలో ఎవరూ లేరు. పట్టీ అడిగింది: ఈ రోజు మీకు స్ఫూర్తినిచ్చినవారెవరు? పట్టీ తెర మీద అచ్చక్షరాల్లో రాయడం మొదలుపెడితే నాలుగు పేజీలయింది.

"గట్టు మీద మెచ్చుకోకూడదని నీకు సెప్పినారా నేదా?"

"చెప్పారు. నేను మెచ్చుకోలేదు. చప్పట్లు కొట్టలేదు. రాశానంతే."

"నాలుగు పేజీల సప్పట్లు," అంది పిన్ని.

లేచి చీర దులుపుకుని వెళ్ళిపోయింది.

18వ రోజు

జట్టుకు చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టారు. తర్వాత అందరం కూర్చుని పిన్నిని ఎలా విడిపించాలో ఆలోచించాం.

మొదటి ఎత్తు కొండబాబుది. పిన్నిలో స్ఫూర్తి ఏమాత్రం లేదని అందరం వెళ్ళి సాక్ష్యం చెబితే సరి. పొద్దున్నే వెళ్ళి సువర్చలగారి ముందు వరసగా నిలబడ్డాం.

"నాను కుట్టిన రవిక మూడుసార్లు తిప్పి పంపింది తల్లీ," అన్నాడు కొండబాబు. "ఒక సెయ్యి అర అంగులం వొదులని."

"పట్టుదల!" సువర్చలగారు రాసుకుంది.

"దాని సేపల పులుసు నోట్లో పెట్టనేం," అంది ఇంకొకావిడ. "ఉప్పు గుమ్మరిస్తది."

"సాహసం."

"ఎవలతోనూ మాటాడదు. మొగం మీదే తలుపేసేస్తది."

"ఏకాగ్రత!"

మేం బయటికి వచ్చేసరికి శాఖవారి లెక్కలో పిన్ని స్ఫూర్తి విలువ పదకొండు పాయింట్లు పెరిగింది. కాపలాకు ఇంకో రక్షకుణ్ణి వేశారు. కొండబాబు మెట్ల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు.

దాంతో నేను నిబంధనల పుస్తకం తెచ్చుకున్నాను. ఫిర్యాదులు చదివేవాడికి చిన్న అక్షరాలు చదవడం కష్టం కాదు. నలభై రెండో నిబంధన: రాసినవాడే వచ్చి, రాసిందంతా కల్పితమని, ఆ వ్యక్తి నుంచి తనకెలాంటి స్ఫూర్తీ కలగలేదని ఒప్పుకుంటే వనరు హోదా ఆ క్షణాన రద్దు. రాసినవాడు స్ఫూర్తి కల్తీ నేరస్థుడవుతాడు. ఉత్తేజం రెండేళ్ళపాటు సున్న దగ్గర బిగించేస్తారు. ఏ పరుగు జట్టుకైనా, మునక జట్టుకైనా వంద బారల లోపలికి రాకూడదు.

పైకి చదివాను.

"రెండేళ్ళు," అన్నాడు కొండబాబు. "నీకు మల్లీ అలవాటు తప్పిపోద్ది నాయుడా."

"మెట్లున్నాయి కదా."

"మెట్ల మీద ఒక్కడివేగా."

పుస్తకం మూసి విచారణకు దరఖాస్తు రాశాను.

22వ రోజు

విచారణ. గదిలో సువర్చలగారు, యంత్రం, నేను. పిన్నిని కూడా పిలిచారు, సింహాసనంతో సహా.

"తవిటినాయుడుగారూ, ఈ నాలుగు పేజీలు మీరు రాసినవేనా?"

"నేనే."

"ఇందులో నిజమెంత?"

"ఏమీ లేదండి. కాలక్షేపానికి రాశాను. తత్వశాస్త్రం చదివినవాళ్ళకు అదొక రోగం."

సువర్చలగారు గోడ మీద గీత ఒకటి వేయించింది, నా పట్టీ లెక్క. నెలలకు నెలలు ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై ఒకటి. ఒకే ఒక్క పొద్దున తొంభై మూడు.

"ఇది మీరు తాడు పట్టుకున్న రోజు. తొంభై మూడు మా శాఖలోనే ఎవరికీ రాలేదు. ఏమైందండీ ఆ రోజు?"

"కాలికి ఆల్చిప్ప గుచ్చుకుంది. నెత్తురు కూడా వచ్చింది. నాకు నెత్తురంటే భయం."

"అంతేనా?"

"అంతే."

"ఈవిణ్ణి చూసి మీకేమీ అనిపించలేదా?"

పిన్ని నా వైపు చూస్తోంది. ఆ కుర్చీలో పాదాలు గాల్లో ఆడుతూ, పందొమ్మిది రోజుల్లోనే మెడ దగ్గర చర్మం వేలాడుతూ.

"లేదండి. ఒకావిడ మునిగింది, తేలింది. చేపలూ అదే చేస్తాయి."

యంత్రం ఆ క్షణాన నా పట్టీ చూసుకుంది. పన్నెండు. పిన్ని పేరు ఎత్తితే ఇతనికి పన్నెండే అని తేల్చి, నా వాంగ్మూలం నిజమని ముద్ర వేసింది. సిగ్గుతో చచ్చిపోతున్న మనిషి అంకె ఎంతుంటుందో దానికెవరూ నేర్పలేదు.

పసుపు పట్టీ దానంతటదే ఊడి కింద పడింది. పిన్ని కుర్చీలోంచి దూకి దిగింది.

సువర్చలగారు కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా అడిగింది:

"నేను ఏడ్చాను కదండీ. అది చదివి మర్నాడు పొద్దున్నే నేనూ కాస్త పరిగెత్తాను. దాన్నేం చేసుకోమంటారు?"

పందొమ్మిది రోజులుగా ఈ మనిషిని తిట్టడానికి మాటలు పోగుచేసుకున్నాను. క్షమించండి అన్నాను. ఈ పుస్తకం మొత్తంలో వేళాకోళం కలవని క్షమాపణ అదొక్కటే.

23వ రోజు

పందొమ్మిదో అంతస్తు కిటికీ నుంచి. పరిగెత్తినవారు ఆరుగురు, ఇక్కణ్ణుంచి లెక్కపెట్టాను. మునిగినవారు ఒకరు. ఎన్ని బారలో ఇంత దూరానికి తెలియదు. గట్టు చివర తాడు పట్టుకున్న చుక్క కొండబాబు అయ్యుంటాడు. నేను లెక్కపెట్టాను. నూట రెండు వచ్చేసరికి నీళ్ళ మీద ఇంకో చుక్క కనిపించింది. కుర్చీ లాక్కుని పుస్తకం తెరిచాను.

కొండబాబు గంట తర్వాత పుస్తకం కోసం వస్తాడు. నా వాకిలి జట్టు కాదు, వాకిలికి వంద బారల నిబంధన వర్తించదు, చదివి చూసుకున్నాను. ఇకపై ఎవరు రాసినా అక్షరాలు గుండ్రంగా రాయకండి, యంత్రాలు నేర్చుకుంటాయి.

శాఖవారు నా మీద మోపిన నేరాలు నాలుగు. కల్పిత స్ఫూర్తిని సృష్టించుట. శాఖ యంత్రాన్ని మోసగించు ఉద్దేశంతో నాలుగు పేజీలు వ్రాయుట. అధికారిణి కన్నీరు వృథా చేయుట. నగరపు వనరును నాశనం చేయుట. వీటిలో ఒక్కటీ నేను చెయ్యలేదు. ఆ నాలుగు పేజీల్లో ప్రతి మాటా జరిగిందే. ఆల్చిప్ప గుచ్చుకోలేదు.

చేసింది ఒకటుంది. నూకరత్నం పిన్ని నుంచి నాకేమీ దొరకలేదని, ఆమె ఎదుటే, ఆమె వింటుండగా చెప్పి సంతకం పెట్టాను. అది అబద్ధం.